కొలంబో రిజిస్టర్‌లో స్వరూప సంతకం

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. కెమిస్ట్రీలో పరిశోధన చేసినదాన్ని. తూచి చూడనిది రాయకూడదని నేర్చుకున్నాను. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. మాది అనంతపురం. నాన్న యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసేవారు, తార్నాకలో అద్దెకుండేవాళ్లం. స్వరూప, నేను ఒకే ల్యాబ్. నల్గొండ వైపు పల్లె తనది, క్యాంపస్ హాస్టల్లో ఉండేది. ఇద్దరికీ సింగపూర్ సదస్సులో పేపర్లు చదివే అవకాశం వచ్చింది.

తార్నాకలో టికెట్లు బుక్ చేసే ఆయన నేరుగా వెళ్లే విమానం వద్దన్నాడు. చెన్నై దాకా రైల్లో వెళ్లి, అక్కణ్ణుంచి కొలంబో మీదుగా పోతే ఛార్జీ బాగా తగ్గుతుందట. సామాను ఎక్కువ తీసుకెళ్లనిస్తారు, విమానం మారడానికి వీసా అక్కర్లేదు, చదువుకునే పిల్లలంతా అలాగే వెళ్తున్నారు అని చెప్పాడు. కాకపోతే మధ్యలో ఐదారు గంటలు కూర్చోవాలి. నేను తటపటాయిస్తుంటే స్వరూప నవ్వింది.

"కూసుంటే ఏమైతది? ఒక్క టికెట్‌కు రెండు దేశాలు చూస్తం."

ప్రయాణం రోజు మధ్యాహ్నం క్యాంపస్‌లో గొడవ మొదలైంది. గేట్ల దగ్గర పోలీసులు ముళ్లకంచెలు వేశారు. నేను హాస్టల్‌కు వెళ్లి స్వరూపను తీసుకుని బయల్దేరాలని ముందే అనుకున్నాం. భయపడి వెళ్లలేదు. స్టేషన్‌కు వచ్చేయమని ఫోన్లో చెప్పి, నాన్నతో సందుల్లోంచి సికింద్రాబాద్ వెళ్లిపోయాను.

తను రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఎలాగోలా చెన్నై చేరుతుందిలే అని సర్దిచెప్పుకుని రైలెక్కాను. చెన్నైలోనూ కనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం కొలంబోలో దిగాను. తర్వాతి విమానానికి చాలాసేపు ఆగాలి కాబట్టి భోజనం కూపన్లు ఇస్తున్నారు. కౌంటర్లో ఉన్నాయన నా టికెట్ మీద ఉన్న రెండు పేర్లూ చూసి, మీతో వచ్చిన అమ్మాయి ఇప్పుడే తీసుకుందని ఇంగ్లీషులో అన్నాడు. పొరబడ్డారన్నాను. ఆయన రిజిస్టర్ నావైపు తిప్పాడు.

స్వరూప పేరుకెదురుగా తెలుగులో సంతకం. మా డిపార్ట్‌మెంట్‌లో తెలుగులో సంతకం చేసేది తనొక్కతే. చివరి 'ప' తలకట్టును పైకి లాగి వదిలేస్తుంది. అదే గీత. వేలితో తాకితే సిరా అంటుకుంది.

ఆ గుండ్రటి అక్షరాలు చూసి ఆయన మొదట తమ సింహళమే అనుకున్నాడట. ఆ అమ్మాయి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయట. మెడకు తడి కర్చీఫ్ చుట్టుకుందట. ఏమైందని అడిగేలోపే కూపన్ తీసుకుని వెళ్లిపోయిందట.

పోలీసులు బాష్పవాయువు వదిలినప్పుడు మా క్యాంపస్ పిల్లలు కట్టుకునే తడి కర్చీఫ్ సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

హాలంతా వెతికాను. బాత్రూములు, దుకాణాలు, గేట్ల దగ్గర వరుసలు, అన్నీ రెండేసిసార్లు చూశాను. తిరిగి వచ్చేసరికి ఆయన కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నాడు. ఆ పేరుగల ప్రయాణికురాలు చెన్నైలో విమానం ఎక్కనే లేదని చూపించాడు. రిజిస్టర్ మూసి లోపలికి తీసుకెళ్లిపోయాడు.

అక్కడి ఫోన్ బూత్ నుంచి ఇంటికి చేశాను. నాన్న ఎత్తారు. ముందురోజు మధ్యాహ్నం పెట్టె పట్టుకుని హాస్టల్ నుంచి బయల్దేరిన స్వరూప, బాష్పవాయువు పొగలో దారి కనిపించక పడిపోయిందట. తలకు దెబ్బ తగిలిందట. అప్పటినుంచీ ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉంది. నేను రైలెక్కిన సాయంత్రమే నాన్నకు తెలిసిందట.

"చెప్తే నువ్వు తిరిగొచ్చేస్తావని చెప్పలేదు పాపా," అన్నారు.

రిసీవర్ చేతిలో ఉండగానే నేల మీద కూర్చుండిపోయాను.

సింగపూర్‌లో పేపర్ ఎలా చదివానో గుర్తులేదు. నేను తిరిగొచ్చేసరికి స్వరూప మంచం మీద లేచి కూర్చుంటోంది. కొలంబో సంగతి దాచుదామనుకున్నాను, దాచలేకపోయాను. పడిపోయాక ఏదీ యాదికి లేదంది. దుప్పటి అంచు మడతపెడుతూ ఒక్కటే అడిగింది.

"ఎవరో తెల్వని గా కౌంటరాయనకు కనవడ్డ. నువ్వు గంతగనం దేవులాడినవ్. నీకెందుకు కనవడలే?"