ఓబులేసు మాటకు నేను పెట్టిన మెరుగు

నా తెలివితక్కువతనం సంగతి నేనే ముందు చెప్పుకుంటాను. ఇంకొకరు చెబితే అందులో కొంచెం నిజం కూడా కలుస్తుంది. ఒక రైడర్ చెప్పిన మాటను మోటుగా ఉందని నేను నునుపు చేసి పైవాళ్లకు అందించాను. ఆ నునుపు మీద జారిపడింది మాత్రం అతను.

మూడేళ్ల కిందట, ఆగస్టు నెల. అనంతపురానికి దక్షిణాన ఎర్రనేలల మధ్య ఒక ప్రైవేటు టెస్ట్ ట్రాక్ ఉంది. జాతీయ స్థాయి బైక్ రేసుల్లో పోటీపడే ఒక టీము తన బండ్లను అక్కడే పరీక్షించేది. కారణం వాన. ఏ నెలలో బుక్ చేసుకున్నా వాన వచ్చి పరీక్ష చెడిపోతుందనే భయం లేదు. చుట్టుపక్కల చేనుగలవాళ్లు ఆకాశం వైపు చూసి తిట్టుకుంటుంటే, మా చీఫ్ ఇంజనీరు అదే ఆకాశాన్ని చూసి మురిసిపోయేవాడు.

నేను ఆ టీములో టైర్ టెక్నీషియన్‌ని. అంటే గాలి కొట్టేవాణ్ణి. మా అమ్మ మా ఊరు శింగనమలలో అందరికీ అలాగే చెప్పేది, నేనూ కాదనలేదు. అయితే ఆ గాలిలో కొలతలుంటాయి. రేసు టైరును టైర్ వార్మర్ అనే కరెంటు దుప్పటి కప్పి వేడి చేస్తాం. వేడెక్కాక లోపలి ఒత్తిడిని చిన్న చిన్న అంకెల్లో సరిచేస్తాం. బండి తిరిగి వచ్చాక టైరు పైన రబ్బరు ఎలా చిరిగిందో, ఎక్కడ ముద్దకట్టిందో చూసి, ట్రాక్ మీద ఏం జరిగిందో చెప్పాలి. ఒక రకంగా జోస్యం. కాకపోతే మేం చెప్పేది జరిగిపోయినదాని గురించి.

రేసుల్లో అందరికీ ఒకే కంపెనీ ఒకే రకం టైర్లు ఇస్తుంది. అలాంటప్పుడు టైరుతో గెలుపోటములేమిటని చాలామంది అడుగుతారు. టైరు అందరికీ ఒకటే, బండ్లు ఒకటి కావు. ఏ బండి ఆ టైరుకు తగ్గట్టు తయారైతే అది గెలుస్తుంది. సీజన్ మధ్యలో కంపెనీ టైరు మారిస్తే, నిన్నటిదాకా ముందున్న బండి ఇవాళ వెనకబడవచ్చు. ఆ ఏడాది సరిగ్గా అదే జరిగింది. వెనక టైరు కొత్తది వచ్చింది. లోపలి అల్లిక మార్చారు, పట్టు పెరిగింది. అందరూ సంబరపడ్డారు.

ఓబులేసు మా రైడర్. గార్లదిన్నె దగ్గర పల్లె, శనక్కాయ పండించే ఇల్లు. బండి మీద కూర్చుంటే దాని ప్రతి వణుకూ నడుములో తెలిసేది అతనికి. కాని ఇంగ్లీషు రాదు, హిందీ అంతంత మాత్రం. చీఫ్‌కేమో తెలుగు రాదు. పరుగు అయిపోగానే రైడర్ బండి ఎలా ఉందో చెప్పాలి, ఇంజనీర్లు రాసుకోవాలి. దాన్ని డీబ్రీఫ్ అంటారు. మధ్యలో దుబాసీని నేను. జీతం లేని ఆ ఉద్యోగమంటే నాకు మహా గర్వంగా ఉండేది.

కొత్త టైరు వేసిన మొదటిరోజు ఓబులేసు ఆరు చుట్లు తిరిగి వచ్చి హెల్మెట్ తీశాడు.

"అన్నా, ఎనక టైరు ముందుదాన్ని తోస్తాండాది. శనక్కాయ మూటల బండి వాలులో దిగేటప్పుడు ఎద్దుల్ని ఎనకనుంచి తోస్తాదే, అట్ల. ఎద్దులు నిలదొక్కుకోలేక మోకాళ్ల మీద పడతాయి సూడు. ముందు టైరు అట్లే పడతాదేమోనని భయమైతాండాది."

చీఫ్ పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. పక్కన ఇద్దరు ఇంజనీర్లు, ముగ్గురి ముందూ మూడు ల్యాప్‌టాప్‌లు. అంతమంది మధ్య ఎద్దులబండి తోలడానికి నాకు నామోషీ అయింది. కొంచెం ఆలోచించి, మంచి ఇంగ్లీషులో ఇలా అన్నాను: "ముందు టైరు మీద రైడర్‌కు కాన్ఫిడెన్స్ లేదు సార్."

చీఫ్ అంతే రాసుకున్నాడు. బండిలో ఉన్న లోపం ఆ ఒక్క వాక్యంతో మనిషి మనసులోకి మారింది.

సాయంత్రం ముందు టైరు విప్పి చూశాను. ఎడమ అంచున రబ్బరు చీరుకుపోయి ఉంది. రైడర్ మూలమలుపులో హ్యాండిల్ మీద బలవంతం చేసినా అలాగే చిరుగుతుంది. వెనకనుంచి తోపుడు ఎక్కువైనా అలాగే చిరుగుతుంది. ముందూ వెనకా చూడకుండా మొదటిదే రాశాను. కాన్ఫిడెన్స్ లేనివాడు బలవంతం చేస్తాడు కదా, లెక్క కుదిరిందనుకున్నాను.

చాసిస్, అంటే బండి చట్రం, ముట్టుకోనక్కర్లేదని చీఫ్ తేల్చేశాడు. "బండి బాగుంది. అతన్ని ధైర్యంగా ఉండమను" అన్నాడు.

ఆ మాటను మాత్రం తు.చ. తప్పకుండా అనువదించాను. ఓబులేసు నా ముఖంలోకి చూశాడు.

"ధైర్యమా? నేను ఎద్దుల గురించి చెప్పినా గదన్నా?"

"చూస్తారులేప్పా. వాళ్లు పెద్ద ఇంజనీర్లు."

మూడు వారాల తర్వాత రేసు. తొమ్మిదో చుట్టులో, ఓబులేసు మూడో స్థానంలో ఉండగా, ఎడమ మలుపులో బ్రేకు వదిలి బండిని వాల్చిన క్షణాన ముందు చక్రం పట్టు తప్పి మడతపడింది. మోకాళ్ల మీద పడినట్టే పడింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఆస్పత్రిలో అతను నన్ను అడిగింది ఒకటే. "నేను చెప్పిందే వాళ్లకు చెప్పినావా అన్నా?"

"చెప్పినా" అన్నాను.

టీము నివేదికలో కారణం 'రైడర్ పొరపాటు, ఆత్మవిశ్వాస లోపం' అని రాశారు. సీజన్ చివర ఒప్పందం పొడిగించలేదు. టైరు మారింది, బండి మారలేదు, కాబట్టి రైడర్‌ను మార్చారు. రేసుల లోకం చిన్నది, అందులో చెవులు పెద్దవి. మణికట్టు అతికాక ఓబులేసు ఇంకో రెండు టీముల దగ్గరికి పోయాడు. "భయపడే రైడరట కదా" అన్నారట.

అతని స్థానంలో బెంగళూరు నుంచి ఒక రైడర్ వచ్చాడు. చక్కటి ఇంగ్లీషు. మొదటి పరీక్షలోనే హెల్మెట్ తీసి, "వెనక టైరు ముందుదాన్ని తోస్తోంది" అన్నాడు. అదే మాట, ఎద్దులు మాత్రం లేవు. చీఫ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నెల తిరిగేలోగా, ముందు చక్రం మీద బరువు పెరగాలని ఇంజన్‌ను కాస్త ముందుకు జరిపారు, వెనక చక్రాన్ని పట్టి ఉండే స్వింగ్ ఆర్మ్‌ను పొడుగు చేశారు. మూడో రేసుకు గెలిచారు. నేను గాలి కొట్టాను.

ఆ గెలుపు తర్వాతి ఆదివారం ఓబులేసు ఊరికి వెళ్లి జరిగిందంతా ఒప్పుకున్నాను. అతను బోరుబండి లారీ నడుపుతున్నాడు. స్టీరింగ్ ఎడమచేత్తోనే తిప్పడం అలవాటు చేసుకున్నాడు.

"నీది శింగనమల గదన్నా. మీ ఇంట్లో ఎద్దులు లేవా?"

"ఉండేవి."

"మళ్లీ ఏంటికి సిగ్గయింది?"

వాళ్ల నాయన మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. కొడుకు భయపడి పడ్డాడనే ఆయన ఇంకా నమ్ముతున్నాడు. "మావోడికి గుండె సాలలేదప్పా" అని నాకే చెప్పాడు. మజ్జిగ తాగి వచ్చేశాను. ఆయనకు మాత్రం నిజం చెప్పనేలేదని గార్లదిన్నె దాటాక గాని నాకు తట్టలేదు.

పోయిన ఏడాది టీము వాళ్లు మా జిల్లా ఐటిఐ విద్యార్థులను టెస్ట్ ట్రాక్‌కు పిలిపించారు. చీఫ్ ఉపన్యాసం, నా అనువాదం. నేను అప్పటికే రాజీనామా ఇచ్చేశాను, నెలాఖరు దాకా ఉన్నానంతే. కొత్త టైరు వచ్చినప్పుడు తమ టీము లోపాన్ని ఎలా కనిపెట్టిందో చీఫ్ బొమ్మలు వేసి చెప్పాడు. "వెనకది ముందుదాన్ని తోస్తోందని మేం గుర్తించాం" అన్నాడు.

నేను మైకు తీసుకున్నాను. "మన గార్లదిన్నె ఓబులేసు మొదటి రోజే గుర్తించినాడు. ఈ సార్ దాకా ఆ మాట పోకుండా చెడగొట్టింది నేను. బండి మార్చకుండా అతన్ని రేసుకు పంపింది వీళ్లు. చెయ్యి విరిగినాక, భయపడినాడని రాసి తీసేసినారు" అని చెప్పాను.

చప్పట్లు మోగాయి. చీఫ్ అవి తనకేననుకుని రెండు చేతులూ జోడించి వాటిని స్వీకరించాడు. నాకు నవ్వు రాలేదు. మనిషి పనినే కాదు, మనిషికి పడిన చప్పట్లను కూడా ఎంత సులువుగా తీసేసుకోవచ్చో అప్పుడు చూశాను.

మూడో వరసలోంచి ఒకమ్మాయి లేచింది. గ్రీజు మరకల యూనిఫాం. "సార్, తప్పు బండిదని తెలిసినాక ఆ ఓబులేసన్నను మళ్లీ ఏంటికి పిలవలేదని ఆ సార్‌ను అడగండి."

చీఫ్ చిరునవ్వుతో నా వైపు వంగి, "ఏమంటోంది?" అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఓబులేసు పేరు, ఆ అమ్మాయి గొంతులోని విరుపు, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా చెప్పాను. తర్వాత మైకు ఆయన నోటి ముందు పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే నిలబడ్డాను.