డ్యాము కూలీల ఫోటో

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనకే చెప్పగలుగుతున్నాను.

ఏడో తరగతితో బడి ఆగిపోయినవాణ్ణి. కోస్గి నుంచి పేపరుకు వార్తలు రాస్తూనే పాలమూరు కూలీల చరిత్ర సొంతంగా తవ్వుకున్నాను. ఇన్ని డ్యాములు కట్టినవాళ్ల పేరు ఒక్క శిలాఫలకం మీదా లేదేమని నా కోపం. పాత కాగితాలు బయటపెట్టని పెద్దిళ్లవాళ్లను పేపర్లోనే కడిగేశాను. అలాంటివాణ్ణి.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ఒక వ్యాసం కోసం బాలమ్మ ఇంటికి పోయాను. డ్యాము పనికి పోయిన ఆమె భర్త తిరిగి రాలేదు. పేపర్లో వేసి తిరిగిస్తానంటే, గోడ మీది ఫోటో దించి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. తట్టా పారా పట్టుకుని నిలబడ్డ పదిమంది కూలీలు. అందులో తన మనిషిని వేలితో చూపింది. ఆయనది వేరే ఫోటో లేదు.

ఇంటికొచ్చి పటం విప్పాను. వెనక, కూలీలను పనికి తోలుకుపోయిన గుంపు మేస్త్రీ పెన్సిలుతో రాసిన పేర్లు. అందులో మా నాయిన పేరు. నేను కడుపులో ఉండగానే పనిలో చచ్చిపోయిన మనిషి. తిప్పి చూస్తే వెనక వరసలోంచి నా ముఖమే నన్ను చూస్తోంది.

నకలు తీయించుకుని అసలుది ఇచ్చేస్తే అయిపోయేది. ఎందుకివ్వలేదు? ఒక వారం ఉంచుకుందామనుకున్నాను. ఆ వారం గడవనే లేదు. నకలైనా ఆమెకిద్దామంటే, అసలుది ఏదని అడుగుతుందని భయం.

సంతరోజు నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"ఫోటో తెచ్చినవా బిడ్డా?"

"పేపరాఫీసుల పోయిందవ్వా. దొరుకుతలేదు."

ఆమె తిట్టలేదు. నవ్వింది. "అప్పుడు డ్యాముకాడ వోయిండు, ఇప్పుడు పేపర్ల వోయిండు. ఇంటిపట్టున ఉండెటోడైతే గద." మళ్లీ తనే అంది: "మొఖం మతికొస్తలేదు బిడ్డా. చెంప మీద మచ్చ ఉండె. ఎడమదిక్కా, కుడిదిక్కా? నువ్వు చూసినవు గద."

ఎడమదిక్కు. ఆ పొద్దున కూడా చూశాను.

"యాదికి లేదవ్వా," అన్నాను.

ఆ ముఖం కోసం తడుముకుంటూనే నిరుడు ఆమె పోయింది. ఫోటో నా పెట్టెలోనే ఉంది. ఆమె కొడుకుకు ఇవ్వాలి. ఇస్తానా? డెబ్భై దగ్గరికొచ్చినా, పెట్టె తెరిస్తే నా చూపు ముందు నాయిన మీదికే పోతుంది. ఆయన నాకంటే ఎంత చిన్నవాడో. ఒక్కసారి పిలిస్తే పలుకుతాడేమో అనిపిస్తుంది.

ఫోటో పోలేదు. నేనే దాచుకున్నాను. క్షమించాల్సిన మనిషి లేదు, మిమ్మల్ని అడగను. ఈ మాట కాగితం మీద పెట్టాక మాత్రం ఊపిరి కాస్త నిదానంగా ఆడుతోంది.