నాది ఏ డిపార్ట్‌మెంట్?

ఢోలకు వాయించేవాళ్ళ చేతులకు చిన్న సెన్సార్లు కట్టి, దెబ్బ పడకముందు మణికట్టు, భుజం ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో కొలవడం నా పరిశోధన. రాజమండ్రిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ తొమ్మిదేళ్ళుగా ఇదే చేస్తున్నాను. ఈ రోజు నా ప్రమోషన్ ఫైలు మూడోసారి తిరిగొచ్చింది.

సెన్సార్లు ఉన్నాయి కాబట్టి ఇది మా సబ్జెక్టు కాదని సంగీతం వాళ్ళు రాశారు. ఢోలకు ఉంది కాబట్టి మాది అసలే కాదని కంప్యూటర్ వాళ్ళు రాశారు. మళ్ళీ దరఖాస్తు పెట్టడానికి ఇదే ఆఖరి రోజు. ఒళ్ళు మండిపోయి ఆఫీసుకి వెళ్ళాను. సూపరింటెండెంటు గారు ఫైలంతా ఓపిగ్గా తిరగేశారు.

"పోనీ, వ్యాయామ విద్యలో పెట్టేద్దామా అండి? చేతులూ భుజాలూ అన్నీ ఉన్నాయి కదా" అన్నారు.

"నేనెవరినీ పరుగులు పెట్టించనండీ" అన్నాను.

"మిమ్మల్ని పెట్టిస్తున్నారు కదండీ, మేడం గారూ!"

ఆయన వెటకారమాడలేదు, నిజంగానే జాలిపడ్డారు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆన్‌లైన్ ఫారంలో విభాగం దగ్గర ఒక్కటే ఎంచుకోవాలి. ఇద్దరం అందులో పేర్లన్నీ ఒక్కొక్కటే చదివాం. చివరికి ఆయనే జాబితా అడుగున ఉన్న 'ఇతరములు' మీద నొక్కారు. దరఖాస్తు క్షణంలో వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళలో మారుమాట లేకుండా నన్ను చేర్చుకున్న డిపార్ట్‌మెంట్ అదొక్కటే.

'ఇతరములు'లో ఇంకెవరెవరు ఉన్నారో కామెంట్లలో చెప్పండి. కనీసం ఒక స్టాఫ్ మీటింగైనా పెట్టుకుందాం.