బొటనవేలి తీర్పు

గుమ్మడిదలలో నేను టీచరుగా చేసిన రోజుల్లో, కిరాయికున్న ఇంటి ఓనరమ్మ బొటనవేలంటే నాకు ఇప్పటికీ కోపం. ఆమె మూడేళ్ల మనవరాలికి ఒంటి నిండా దద్దుర్లు. ఏ తిండి పడటం లేదో తేల్చడానికి, ఆమె మొదట పిల్ల మోచేతి మడతను బోరునీళ్లతో కడిగేది. తరువాత గుడ్డుసొనో, నూరిన పల్లీలో బొటనవేలితో అక్కడ రుద్ది కాసేపు చూసేది. చర్మం ఎర్రబడగానే, "గిది గూడ పడది" అని తీర్పు చెప్పేది. అలా గుడ్డు పోయింది, పల్లీలు పోయాయి, చివరికి పాలు కూడా పోయాయి. పిల్ల మా కంచాల వైపు చూడడం నేర్చుకుంది.

ఎండాకాలంలో కోడలు పిల్లను తీసుకుని దూరాన ఉన్న పుట్టింటికి వెళ్లింది. అక్కడ పిల్ల అన్నీ తిన్నది, ఒక్క దద్దురూ లేవలేదు. తిరిగొచ్చి ఇక్కడ స్నానం చేసిన పూటే మళ్లీ లేచాయి.

ఆ సాయంత్రం ఓనరమ్మ మళ్లీ గుడ్డు పగలగొడుతుంటే నాకు ఒళ్లు మండింది.

"తప్పు తిండిది కాదు పెద్దమ్మా, నీళ్లది. ఊరి పక్కన మందుల కంపెనీ వదిలే నీళ్లే మన బోరులోకి దిగుతున్నాయి," అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నాకెర్క లేదా టీచరమ్మా? గుడ్డుది తప్పంటె గుడ్డు ఏమన్న అంటదా? నీళ్లది తప్పంటె కంపెనీల నా కొడుకు నౌకరి ఉంటదా?"

అంటూనే పిల్ల చేయి దగ్గరికి లాక్కుని, బోరునీళ్లతో కడగడం మొదలుపెట్టింది.