గూడబాతు సంచి

కొల్లేట్లో నేను నీళ్లను చూసి ఏడ్చానని మావాళ్లంతా ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నీళ్లంటే భయమున్న పిల్లనైతే అసలు దోనె ఎక్కేదాన్నా? మొన్న పటమట చేపల బజారులో తడినాచు వాసన తగిలేసరికి, జరిగింది రాసిపెడదామనిపించింది.

యుద్ధం రోజులు. నాకు ఆరేళ్లు. అమ్మా, నేనూ, చంటి తమ్ముడూ తాటిదోనెలో అమ్మమ్మగారి ఊరు వెళ్తున్నాం. మబ్బు పట్టి చల్లగా ఉంది. కిక్కిస గడ్డి సరసరలాడుతోంది. తామరాకుల మీద చిన్న పిట్టలు నేలమీద నడిచినట్టే నడుస్తున్నాయి. నేను నీళ్లలో చెయ్యి వేలాడేసి హాయిగా కూచున్నాను. ఇంతలో చాపంత రెక్కలతో ఒక గూడబాతు దోనె పక్కనే వాలింది. దాని ముక్కు కింద సంచి వేలాడుతోంది.

"ఆ సంచి ఎందుకు తాతా?" అని దోనె తాతను అడిగాను.

"పిల్లల్ని ఏరుకోడానికమ్మా. పెద్దవాటి జోలికి పోదు. పిల్లలు దొరికితే చాలు దానికి," అన్నాడు గెడ వేస్తూ.

చేపపిల్లల్ని ఆయన వట్టి పిల్లలంటాడని నాకేం తెలుసు? తమ్ముడు ఆ సంచికి సరిగ్గా సరిపోతాడు. అమ్మ ఒళ్లో ఉన్న వాడి మీద పడి, "మావాణ్ణి ఇవ్వను, పో," అని గొంతు పోయేలా ఏడ్చాను. అది నింపాదిగా సంచి ముంచి, నీళ్లు ఒంపేసి, ఎగిరిపోయింది.

"నీళ్లంటే బెదురండీ దీనికి," అని అమ్మ రేవులో అందరికీ చెప్పింది.

సరే, నేను చిన్నపిల్లను. కానీ నేను మీద పడేసరికే అమ్మ వాణ్ణి కొంగు కింద దాచేసి ఉంది. ఎండ కూడా లేని ఆ పూట, ఆవిడ దేన్ని చూసి దాచినట్టు?