హాడ్లీ గారి చిత్రిక

ఉబ్బినదేదైనా సరే, సెప్టిమస్ హాడ్లీ గారికి హడల్. పొంగిన రొట్టెపిండిని చూస్తే అడుగు వెనక్కి వేసేవారు. డబ్బా మూత కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తే కొట్లోంచి పరుగే. పాస్టరు గారి ప్రసంగం ఉబ్బడం మొదలవగానే చర్చిలోంచి జారుకునేవారు. ఎవరైనా పొగిడితే, ఎక్కడ తను ఉబ్బిపోతారోనని చెవులు మూసుకునేవారు.

"ఉబ్బింది ఊరుకోదమ్మాయ్, ఏదో ఒకటి చేసి తీరుతుంది," అనేవారు నాతో.

అన్నింటికంటే ఆయనకు భయం తలుపులంటే. మా వీధి సెవెర్న్ నది ఒడ్డున. నాలుగు చినుకులు పడితే చాలు, చెక్క తలుపులు నీళ్లు తాగి బిగుసుకుపోతాయి. మబ్బు పట్టగానే ఆయన చెక్కను పల్చగా చెక్కే చిత్రిక చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. పిలవనక్కర్లేదు, వద్దన్నా ఆగరు.

మా అమ్మ ఈనిడ్‌కి కాళ్లు సరిగా లేవు, కింది గదిలోనే పడక. ఆ గది తలుపును ఆయన ఎంత చెక్కారంటే, మూసినా పిల్లి దూరేది.

"సెప్టిమస్! ఇది తలుపా, జల్లెడా? గాలికి నా టీ చల్లారిపోతోంది!"

"చల్లటి టీ తాగి ఎవరూ చావలేదు, ఈనిడ్."

"ముందు నీ తల చెక్కించుకో!"

"అదీ ఉబ్బిందా?" అంటూ ఆయన నిజంగానే తడిమి చూసుకునేవారు.

ఆ ఫిబ్రవరిలో వాన వదల్లేదు. ఒక పొద్దున్న నేను మేడ దిగబోతే కింది మెట్లు నీళ్లలో ఉన్నాయి. తలుపు అవతల అమ్మ అరుస్తోంది. తలుపు బిగుసుకుపోయి తెరుచుకోకపోతే? కిటికీ ఎక్కే కాళ్లు కావు అమ్మవి. దేవుడా అంటూ భుజంతో బలంగా తోశాను. తలుపు ఇట్టే తెరుచుకుంది. నేనే వెళ్లి నీళ్లలో బోర్లా పడ్డాను.

అమ్మను మేడ ఎక్కించి బయటికి చూశాను. వీధిలో అందరి తలుపులూ తెరిచే ఉన్నాయి, జనం బయటపడుతున్నారు. ఒక్క తలుపే తెరుచుకోలేదు. హాడ్లీ గారిది!

పడవవాళ్లు ఆయన్ని కిటికీలోంచి లాగితే పొట్ట దగ్గర ఇరుక్కున్నారు.

"నేనూ ఉబ్బానా?" అని కెవ్వుమన్నారు.

"మీ తలుపు చెక్కుకోలేదేం?" అని అరిచాను.

"వీధంతా అయ్యాక అనుకున్నాను. అయ్యేలోపు మళ్లీ మీది ఉబ్బేది!"

అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన చెవులు మూసుకున్నారు.

నీళ్లు తీశాక అమ్మ ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుంది, చేతిలో ఆయన చిత్రిక. తలుపు పొట్టు ఒళ్లంతా రాలుతోంది.

"చాలు ఈనిడ్, గాలొస్తుంది!"

"రానీ. చల్లటి టీ తాగి ఎవరూ చావలేదు."