కొల్లేటి లంకలో కుట్లు విప్పిన పుస్తకాలు

సొంతంగా ఏదైనా రాసే అలవాటు నాకు లేదు. బడిలో పాతికేళ్లు పిల్లల చేత రాయించానే తప్ప నేను రాసింది తక్కువ. ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఒక్కటే. మా పుస్తకాల పెట్టెతో కొల్లేటి లంకకు నా తరువాత వెళ్లే ఆమెకు దారి తెలియాలి. నేను చేసిన పని కూడా తెలియాలి. అది నోటితో చెప్పలేను.

ఏడాదిన్నర కిందట తాడేపల్లిగూడెంలోని మా స్త్రీల సంఘం ఆ లంకకు ఒక పెట్టె నిండా పుస్తకాలు పంపింది. సర్దింది నేనే. పశువుల రోగాలు, నక్షత్రాలు, కుట్టుపని, లెక్కలు, కీర్తనలు, దూరదేశపు యాత్రలు, హంతకుణ్ణి పట్టుకునే నవలలు రెండు, ప్రసూతి వైద్యం ఒకటి, ఇలా ముప్పై పైచిలుకు. మొన్న చేపల వర్తకుడొకాయన వచ్చి, "మీ పుస్తకాలన్నీ ముక్కలు చేసేశారండీ అక్కడ" అన్నాడు. సంఘంలో అందరూ నొచ్చుకున్నారు. "మీరే సర్దారు కదండీ, మీరే వెళ్లి మిగిలినవి తెచ్చేయండి" అన్నారు.

తెల్లవారి ఆరు గంటల పాసింజరు ఎక్కాను. మూడో తరగతి టికెట్టు ఏడణాలు. ఉంగుటూరు, భీమడోలు దాటి ఎనిమిదింటికి ఏలూరు చేరుతుంది. స్టేషను నుంచి కాలువ రేవుకు జట్కావాడు మూడణాలు అడుగుతాడు, రెండణాలకు వస్తాడు. రేవులో, మా కబురు అంది లంక నుంచి వచ్చిన వెంకన్న దోనెతో ఎదురు చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. అది తాటిమాను తొలిచిన దోనె. నేను రెండు చేతులతో అంచులు పట్టుకుని ప్రార్థన చేసుకుంటుంటే నవ్వాడు.

"పంతులమ్మగారండీ, కదలకండి. కదిలారంటే మీ దేవుడూ మా అమ్మవారూ కలిసి దోనె తిరగేస్తారు."

కాలువ దాటి సరస్సులో పడ్డాక ఎటు చూసినా నీరు, కిక్కిస గడ్డి, గూడబాతులు. గెడ వేస్తూనే కబుర్లు చెప్పాడు. ఇంట్లో తల్లి నాంచారమ్మ, తమ్ముడు, తమ్ముడి భార్య మాణిక్యం. ఆమెకు ఎనిమిదో నెలట. తన భార్య మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

పన్నెండింటికి లంక చేరాం. నాంచారమ్మ ఆ లంకకంతటికీ మంత్రసాని. పుస్తకాలేవని అడిగితే పెట్టె తెచ్చి మూత తీసింది. లోపల అట్టలు మాత్రమే ఉన్నాయి. ఆమె తాపీగా ఇంటి కప్పులోని గడ్డిలోంచి గుడ్డ చుట్టిన కట్ట ఒకటి లాగి నా చేతికిచ్చింది. ఏదో పుస్తకంలోని పదహారు పేజీలు.

"ఇదేం పనమ్మా! ఇలా చింపేస్తారా?"

"చింపలేదండి, కుట్లు విప్పాం. మీకంటే ముందు ఏలూరు వాళ్లు ఒక పెట్టె ఇచ్చారండి. నీరు లేచినప్పుడు పెట్టెకి పెట్టే పోయింది. ఇప్పుడు ఇంటికో కట్ట. ఒక ఇల్లు మునిగితే ఒక కట్టే పోద్ది, పుస్తకం పోదు కదండీ."

చదవాలంటే సాయంత్రం అందరూ తమ తమ కట్టలతో ఒకచోట చేరతారట, వరసగా చదువుతారట. "హంతకుడెవరో తెలిసే కట్ట మాతో మాటల్లేని వాళ్లింట్లో పడిందండి" అని వెంకన్న నవ్వాడు. "నాలుగు రోజులు బిగుసుకుని, ఐదో రోజు మా అమ్మే చేపల కూర పట్టుకెళ్లి రాజీ పడింది."

"నువ్వే కదరా వెళ్లమని కాళ్లమీద పడ్డావు" అంది తల్లి.

అప్పుడే ఆమె నా చేతిలోని కట్ట చూపించి అంది. "ఇది కానుపుల పుస్తకమండి. ఇందులో రెండాకులు తడికి అంటుకుపోయాయి. చిరుగుతాయేమోనని ముట్టుకోలేదు. మీరు విప్పి పెడతారా?"

చూశాను. అంటుకున్నది తడికి కాదు. పెట్టె సర్దిన రోజున ఆ ఆకు మీద స్త్రీ శరీరం బొమ్మ కనబడితే సిగ్గుతో కళ్లు మూసుకుని, అన్నం మెతుకులు నలిపి దాన్ని ఎదుటి ఆకుకు అంటించింది నేను. ఎదుటి ఆకులో ఏముందో చదవను కూడా లేదు.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆ ఆవిరి మీద పట్టి, నెమ్మదిగా విప్పి, పైకి చదివాను. నెలలు నిండే వేళ ముఖమూ చేతులూ వాచి, విడవని తలనొప్పితో చూపు మసకబారితే ప్రాణాపాయమనీ, వెంటనే వైద్యుల దగ్గరకు చేర్చాలనీ ఉంది.

గుమ్మంలో కూర్చున్న మాణిక్యం వైపు నాంచారమ్మ చూసింది. నేనూ చూశాను. ఆ పిల్ల ముఖం ఉబ్బి ఉంది. తలకు గుడ్డ బిగించి కట్టుకుంది.

"పోయిన వానల్లో మా పెద్ద కోడలు నాగరత్నం ఇలాగే పోయిందండి" అంది నాంచారమ్మ. "కళ్లు కనబట్టం లేదంటే దిష్టి అనుకున్నాం."

నాగరత్నం అంటే వెంకన్న భార్య. పోయిన వానలకు ఈ పుస్తకం ఈ కప్పులోనే ఉంది. "అది తడి కాదమ్మా. నేనే అంటించాను" అన్నాను.

ఆమె లేచి కట్టను మళ్లీ గుడ్డలో చుట్టింది. "ఏడుపు తరవాతండి" అంది. "వెంకన్నా, దోనె తియ్యి."

మాణిక్యాన్ని చాప మీద పడుకోబెట్టి ముగ్గురం బయలుదేరాం. సగం దారిలో నాంచారమ్మ ఒక్క ప్రశ్న అడిగింది. "ఇంకా వేటిల్లో అంటించారండి?"

"ఇంకో మూడింటిలో."

"వచ్చి విప్పి వెళ్లండి."

వెంకన్న గెడ గట్టిగా వేస్తున్నాడు. నేను మాణిక్యం మీదికి వంగితే దోనె ఊగింది. "పంతులమ్మగారండీ, కదలకండి" అన్నాడు. పొద్దుటి మాటే. నవ్వు లేదు.

దీపాలు పెట్టే వేళకు ఏలూరు ఆసుపత్రికి చేర్చాం. మరొక్క రోజు ఆగితే దక్కేది కాదని డాక్టరమ్మ అంది. మాణిక్యం బతికింది. ఆడపిల్ల, గుప్పెడంత ఉంది, పాలు తాగుతోంది. దేవునికి కృతజ్ఞత చెప్పడానికి మోకరించాను గానీ నోట నాగరత్నం పేరే వచ్చింది. రోజూ అదే వస్తోంది. మంచి చెడ్డలు ఏరి పెట్టే పని ఆయన నాకు ఎప్పుడు అప్పగించాడో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మరో వారం వెళ్లి ఆ మూడూ విప్పి వచ్చాను. పుస్తకాలు భద్రంగా ఉన్నాయనీ, తేనక్కరలేదనీ సంఘానికి చెప్పాను. అది నిజమే.

మీరు వెళ్లేటప్పుడు ఎనిమిదిన్నరకే దోనె ఎక్కండి, మధ్యాహ్నం దాటితే గాలి ఎదురవుతుంది. చిరిగిన కట్టలు కుట్టడానికి సూదీ, లావుపాటి దారమూ తీసుకెళ్లండి. అంటించేది మాత్రం ఏదీ వద్దు. ఈ కాగితాలను పెట్టె అడుగున ఉంచండి, పారేయవద్దు. ఎవరికీ చూపించవద్దు.